డిస్కును విడదీసే ముందు: ఒక కంప్యూటరు ఆచారం పుట్టుపూర్వోత్తరాలు

కంప్యూటరుకు తగిలించిన ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కును తీసేముందు తెర మీద ఎజెక్ట్ ఆదేశం ఇచ్చి, తీయవచ్చునన్న సందేశం కనిపించాకనే కేబుల్ లాగాలన్న నియమాన్ని కొందరు నిష్ఠగా పాటిస్తారు, మరెందరో తొందరలో పక్కన పెడతారు. పక్కన పెట్టినవారికి చాలాసార్లు ఏ నష్టమూ జరగకపోవడం, ఎప్పుడో ఒకసారి మాత్రం డిస్కు మొత్తం చదవరాకుండా పోవడం వల్ల ఈ నియమానికి సాంకేతిక సూత్రం రూపం కంటే ఆచారం రూపమే ఎక్కువగా వచ్చింది. అయితే దీని వెనుక అరవై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది, ఆ చరిత్రలో రెండు కారణాలు సమాంతరంగా నడిచాయి. వేగం కోసం కంప్యూటరు తాను రాయవలసిన సమాచారాన్ని వెంటనే డిస్కుకు చేర్చకుండా కొంతసేపు తన మెమరీలో ఉంచుకోవడం మొదటిది. తిరుగుతున్న పళ్లేల మీద చదివే, రాసే హెడ్‌లు అతి స్వల్పమైన ఎడంతో సంచరించడం రెండవది. మొదటిది సమాచారానికి, రెండవది యంత్రభాగానికి సంబంధించిన ప్రమాదం. ఈ రెండింటి మధ్య తరాల తరబడి తేలుతూ వచ్చిన అసలు ప్రశ్న, డిస్కును విడుదల చేసే క్షణానికి పూచీ మనిషి పడాలా, యంత్రం పడాలా అన్నదే.

తొలి హార్డ్ డిస్కుకు ఈ ప్రశ్నే లేదు. ఐబీఎం సంస్థ 1956 సెప్టెంబరులో ప్రకటించిన రామాక్ వ్యవస్థలోని 350 డిస్కు యూనిట్‌లో 24 అంగుళాల వ్యాసం గల పళ్లేలు 50 ఉండేవి, అవన్నీ కలిసి 50 లక్షల అక్షరాలను దాచేవి. దాదాపు టన్ను బరువుండే ఆ యంత్రం నుంచి డిస్కును విడదీయడమన్న ఆలోచనకు తావే లేదు. 1962 అక్టోబరులో అదే సంస్థ తెచ్చిన 1311 డ్రైవ్‌తో పరిస్థితి మారింది. 14 అంగుళాల పళ్లేలు ఆరింటిని ఒక కట్టగా బిగించి, దాదాపు నాలుగున్నర కిలోల బరువుతో, 20 లక్షల అక్షరాలు పట్టేలా చేసిన డిస్క్ ప్యాక్‌ను డ్రైవ్‌లోంచి ఎత్తి బీరువాలో పెట్టి, దాని స్థానంలో ఇంకొకదాన్ని దించే వీలు కలిగింది. ఒకే డ్రైవ్‌తో ఎన్ని ప్యాక్‌లనైనా వాడుకోవచ్చునన్న సౌలభ్యంతోపాటే, ఇరుసు తిరగడం పూర్తిగా ఆగాక మూత తెరవడం, ప్యాక్ మీద దాని రక్షణ తొడుగును దించి బిగించడం, అప్పుడే పైకెత్తడం అనే క్రమం కూడా వచ్చింది. సురక్షితంగా విడదీయడమన్న ఆచారానికి ఇది తొలి రూపం. ఇందులో అప్పటికి యాంత్రిక జాగ్రత్తే ప్రధానం.

ఆ రోజుల్లో ఈ పని కంప్యూటరు వాడేవారిది కాదు. పెద్ద యంత్రాల గదుల్లో ఆపరేటర్లనే ప్రత్యేక ఉద్యోగులుండేవారు. ఫలానా టేపును లేదా ఫలానా డిస్క్ ప్యాక్‌ను ఎక్కించమని యంత్రం కన్సోల్ మీద సందేశం ముద్రిస్తే వారు దాన్ని వెతికి తెచ్చి ఎక్కించేవారు, పని ముగిశాక దించమని సందేశం వస్తే దించేవారు. మౌంట్, డిస్‌మౌంట్ అన్న మాటలు అక్కడ అక్షరాలా చేతిపనికే పేర్లు. పొరపాటున పాత టేపు మీద కొత్త సమాచారం పడకుండా టేపు చక్రం వెనుక గాడిలో అమర్చే ప్లాస్టిక్ ఉంగరం ఒకటి ఉండేది. అది లేని టేపు మీద యంత్రం రాయడానికి నిరాకరించేది. ఎప్పుడు ఎక్కించాలో, ఎప్పుడు దించాలో నిర్ణయించేది యంత్రం, ఆ నిర్ణయాన్ని అమలు చేసేది శిక్షణ పొందిన మనిషి కావడం వల్ల తొందరపాటుకు అవకాశం తక్కువగా ఉండేది.

ఆ చేతిపని పేరును సాఫ్ట్‌వేర్ ఆదేశంగా విస్తృత ప్రచారంలోకి తెచ్చింది యూనిక్స్. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ రూపొందించిన ఈ ఆపరేటింగ్ సిస్టమ్ తొలి మాన్యువల్ 1971 నవంబరు 3 తేదీతో వెలువడింది, డిస్కును వ్యవస్థలో చేర్చే మౌంట్ ఆదేశమూ దాన్ని వేరుచేసే అన్‌మౌంట్ ఆదేశమూ అందులోనే కనిపిస్తాయి. యూనిక్స్‌లో డిస్కులన్నీ ఒకే డైరెక్టరీల చెట్టులో కొమ్మలుగా కలుస్తాయి కనుక, ఒక డిస్కును తీయాలంటే ముందుగా ఆ కొమ్మను చెట్టునుంచి వేరు చేసినట్టు వ్యవస్థకు తెలపాలి. ఏ ప్రోగ్రామైనా ఆ డిస్కులోని ఫైలును తెరిచి ఉంచినా, ఏ వాడుకరైనా అందులోని డైరెక్టరీలో పనిచేస్తూ ఉన్నా వ్యవస్థ ఆ కోరికను తిరస్కరించి, పరికరం పనిలో ఉందని జవాబిస్తుంది. ఈనాడు విండోస్‌లోనో మ్యాక్‌లోనో ఎజెక్ట్ చేయబోయినవారికి విసుగు పుట్టించే నిరాకరణకు మూలపురుషుడు ఈ జవాబే.

యూనిక్స్ డిస్కులోని సమాచారాన్ని బఫర్లనే మెమరీ భాగాల్లో నిలిపి ఉంచేది. ప్రోగ్రాము ఒక ఫైలులో రాయమన్నప్పుడు ఆ రాత మొదట బఫర్‌లో పడి, ప్రోగ్రాముకు పని పూర్తయిందన్న సమాధానం వెళ్లిపోయేది. డిస్కు మీదికి నిజమైన రాత తరువాత వీలు చూసుకుని జరిగేది. నెమ్మదైన డిస్కు కోసం ప్రోగ్రాము ఎదురుచూడనక్కర్లేకపోవడం ఇందులోని లాభం. డిస్కులో ఏ భాగాలు ఖాళీగా ఉన్నాయో చెప్పే పట్టిక కూడా మెమరీలోనే మారుతూ ఉండటం వల్ల, మధ్యలో కరెంటు పోతే ఒక ఫైలు చివరి వాక్యంతో ఆగక మొత్తం డిస్కు లెక్కే తప్పిపోవడం ఇందులోని నష్టం. అందుకే మెమరీలో మిగిలినదంతా డిస్కుకు పంపమని చెప్పే సింక్ అనే ఆదేశం వచ్చింది, ముప్పై సెకన్లకొకసారి దాన్ని తనంతట తానే జారీచేసే చిన్న ప్రోగ్రాము వ్యవస్థలో ఎప్పుడూ నడుస్తూ ఉండేది. యంత్రాన్ని ఆపేముందు సింక్ అని మూడుసార్లు వేర్వేరు వరుసల్లో టైపు చేయాలన్న అలవాటు యూనిక్స్ నిర్వాహకుల్లో స్థిరపడింది. సింక్ ఆదేశం రాతలను వరుసలో పెట్టి వెంటనే తిరిగివచ్చేది తప్ప అవి పూర్తయ్యేదాకా ఆగేది కాదు. నెమ్మదైన టెలిటైపు మీద మిగతా రెండుసార్లు టైపు చేసేలోగా మొదటి ఆదేశం పని పూర్తయ్యేంత వ్యవధి దొరికేది. కారణం మరుగున పడ్డాక కూడా ఆ మూడుసార్ల లెక్క చాలాకాలం నిలిచింది.

యూనిక్స్ నడిచిన పీడీపీ-11 యంత్రాలకు తగిలించే ఆర్‌కే05 డ్రైవ్‌లో 25 లక్షల బైట్ల వరకు పట్టే కార్ట్రిడ్జ్‌ను మార్చేటప్పుడు ఈ రెండు జాగ్రత్తలూ పక్కపక్కనే కనిపించేవి. ముందు అన్‌మౌంట్ ఆదేశంతో మెమరీలోని బాకీ రాతలను తీర్చాలి, ఆ తరువాత డ్రైవ్ ముందువైపు మీటను నడక స్థితినుంచి ఎక్కింపు స్థితికి మార్చాలి, పళ్లెం ఆగిందని తెలిపే దీపం వెలిగాక తలుపు తీయాలి. సాఫ్ట్‌వేర్ జాగ్రత్త ఒక అడుగు, యాంత్రిక జాగ్రత్త మరొక అడుగు. తరువాతి కాలంలో ఈ రెండడుగులూ ఒకే మౌస్ క్లిక్‌లో కలిసిపోయినందువల్లనే ఆ క్లిక్ దేనికోసమో చాలామందికి తెలియకుండా పోయింది.

వ్యక్తిగత కంప్యూటర్లు వచ్చాక ఆపరేటర్ అనే మధ్యవర్తి తొలగిపోయాడు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ఫ్లాపీ డ్రైవ్‌కు చేత్తో తిప్పే మీట ఉండేది, దాన్ని ఎప్పుడు తిప్పాలో పూర్తిగా వాడుకరి ఇష్టం. డాస్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫ్లాపీల విషయంలో రాతను చాలావరకు అప్పటికప్పుడే ముగించేది కనుక, డ్రైవ్ మీది ఎర్రదీపం ఆరిందో లేదో చూసుకోవడం ఒక్కటే సరిపోయేది. హార్డ్ డిస్కులకు మాత్రం మరొక నియమం ఉండేది. సీగేట్ సంస్థ 1980లో తెచ్చిన 5 మెగాబైట్ల ఎస్‌టీ-506, దాని అడుగుజాడల్లో వచ్చిన ఇతర డ్రైవ్‌లలో హెడ్‌లను స్టెప్పర్ మోటారు కదిపేది, కరెంటు ఆగితే హెడ్‌లు ఎక్కడున్నవి అక్కడే పళ్లెం మీద దిగేవి. అందుచేత యంత్రాన్ని చోటు మార్చేముందు హెడ్‌లను సమాచారం లేని ప్రాంతానికి చేర్చే పార్క్ అనే చిన్న ప్రోగ్రామును నడపవలసి వచ్చేది. అయస్కాంతపు తీగచుట్టతో హెడ్‌లను నడిపే పద్ధతి స్థిరపడ్డాక, కరెంటు పోయిన క్షణంలో తిరుగుతున్న మోటారులో మిగిలిన శక్తినే వాడుకుని హెడ్‌లు వాటంతట అవే క్షేమస్థానానికి చేరుకోసాగాయి, దాంతో పార్క్ ప్రోగ్రాము అవసరం తీరిపోయింది. యాంత్రిక పూచీ మనిషినుంచి యంత్రానికి మారిన తొలి సందర్భమిది.

దాదాపు అదే కాలంలో సమాచారపు పూచీ వ్యతిరేక దిశలో నడిచింది. 1993లో వచ్చిన ఎంఎస్-డాస్ 6.0లో స్మార్ట్‌డ్రైవ్ అనే క్యాష్ ప్రోగ్రాము, అంటే డిస్కు సమాచారాన్ని మెమరీలో తాత్కాలికంగా నిలిపే ప్రోగ్రాము, హార్డ్ డిస్కుకు వెళ్లే రాతలను కూడా ఆలస్యం చేయసాగింది. ఆదేశం పూర్తయి తెర మీద డాస్ ప్రాంప్ట్ తిరిగి కనిపించగానే యంత్రాన్ని ఆపేయడానికి అలవాటుపడిన వాడుకరులు, ఇంకా డిస్కుకు చేరని రాతలను తెలియకుండానే పోగొట్టుకున్నారు. ఫిర్యాదులు పెరగడంతో అదే ఏడాది చివర వచ్చిన 6.2లో, మెమరీలోని రాతలన్నీ డిస్కుకు చేరాకనే ప్రాంప్ట్ కనిపించేలా మార్పు చేశారు. వేగానికీ భద్రతకూ మధ్య త్రాసు ఎటు మొగ్గాలన్న ఈ తర్జనభర్జన పాతికేళ్ల తరువాత మళ్లీ ముందుకొచ్చింది.

ఆపిల్ సంస్థ వేరొక మార్గం ఎంచుకుంది. 1984 నాటి మ్యాకింటాష్‌లో ఫ్లాపీని బయటికి నెట్టే బొత్తామే లేదు. తెర మీద ఆదేశమిస్తే మోటారు దాన్ని బయటికి నెట్టేది, మరీ ఇరుక్కుంటే పేపర్ క్లిప్ గుచ్చే చిన్న రంధ్రం ఆపద్ధర్మంగా ఉండేది. ఒకే డ్రైవ్ ఉన్న ఆ యంత్రంలో ఒక ఫ్లాపీనుంచి ఇంకొకదానికి నకలు తీయడానికి వీలుగా, ఎజెక్ట్ చేసిన ఫ్లాపీ గుర్తు మసకబారి తెర మీదే మిగిలేది. ఆ గుర్తును కూడా పూర్తిగా తొలగించాలంటే దాన్ని చెత్తబుట్ట బొమ్మ మీదికి లాగాలి. ఫైళ్లను చెరిపే బుట్టలోనే డిస్కును వేయమనడం కొత్తవారిని భయపెట్టింది, దశాబ్దంన్నర తరువాత మ్యాక్ ఓఎస్ టెన్‌లో డిస్కును లాగేటప్పుడు ఆ బుట్ట బొమ్మ ఎజెక్ట్ గుర్తుగా మారేలా చేశారు. విమర్శలు ఎన్ని ఉన్నా, డిస్కు భౌతికంగా వ్యవస్థ అధీనంలోనే ఉండటం వల్ల బాకీ రాత తీరకుండా అది బయటికి వచ్చే ప్రసక్తి ఉండేది కాదు. డిస్కులను కంప్యూటరుకు కలిపే స్కజీ ప్రమాణంలో డిస్కు తొలగింపును నిరోధించే, తిరిగి అనుమతించే ఆదేశం కూడా ఇదే ఆలోచనకు రూపం. సీడీ డ్రైవ్‌లు, 1995లో అమ్మకానికి వచ్చిన 100 మెగాబైట్ల జిప్ డ్రైవ్‌లు ఈ తాళాన్ని వాడుకున్నాయి. బొత్తాము నొక్కడం అక్కడ ఆజ్ఞ స్థాయినుంచి విన్నపం స్థాయికి దిగింది.

1996 జనవరిలో తొలి ప్రమాణం వెలువడిన యూఎస్‌బీ ఈ తాళాన్ని తొలగించింది. ఇంటెల్ సంస్థలో ఈ ప్రమాణం రూపకల్పనలో పాలుపంచుకున్నవారిలో గుజరాత్‌లో పుట్టిన అజయ్ భట్ ప్రముఖుడు. యంత్రం నడుస్తుండగానే పరికరాన్ని తగిలించడం, తీయడం దీని మౌలిక లక్ష్యం కాబట్టి, ప్లగ్‌లో కరెంటు మోసే పిన్నులను సమాచారం మోసే పిన్నుల కంటే పొడుగ్గా చేశారు. తగిలించేటప్పుడు కరెంటు ముందుగా కలుస్తుంది, తీసేటప్పుడు చివరగా విడిపోతుంది. విద్యుత్తు పరంగా పరికరాన్ని కాపాడే ఈ ఏర్పాటు అందులోని సమాచారానికి ఏ హామీ ఇవ్వదు, ఎందుకంటే కేబుల్‌ను పట్టి ఉంచే గొళ్లెం ఏదీ ప్లగ్‌లో లేదు. 2000లో యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్‌లు, అంటే పెన్‌డ్రైవ్‌లు, మార్కెట్‌లోకి రావడం, అదే ఏడాది ఏప్రిల్‌లో సెకనుకు 480 మెగాబిట్ల వేగంతో యూఎస్‌బీ 2.0 వెలువడడంతో హార్డ్ డిస్కులు కూడా ఈ కేబుల్ బాట పట్టాయి. మూడున్నర అంగుళాల డిస్కుకు వేరే అడాప్టర్ ఉండేది కనుక కేబుల్ లాగినా అది తనలో మిగిలిన రాతను ముగించగలిగేది. కేబుల్‌నుంచే కరెంటు తీసుకునే రెండున్నర అంగుళాల డిస్కుకు మాత్రం సమాచారమూ కరెంటూ ఒకేసారి తెగిపోతాయి.

తాళం వేయలేని చోట ఆపరేటింగ్ సిస్టమ్‌లు సంప్రదింపులను ఆశ్రయించాయి. విండోస్ 2000లో పరికరాన్ని తీయాలని వాడుకరి కోరినప్పుడు, వ్యవస్థ ఆ పరికరంతో సంబంధమున్న డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌లనూ ప్రోగ్రాములనూ తొలగింపుకు సమ్మతమేనా అని అడుగుతుంది. అందరూ ఒప్పుకుంటే తొలగింపు సాగుతుంది, ఒక్కరు కాదన్నా ఆగిపోతుంది. అడగకుండానే పరికరం మాయమైతే దానికి ఆకస్మిక తొలగింపు అన్న ప్రత్యేక సంకేతం ఉంది, అలా చేసినవారిని మందలించే హెచ్చరిక కూడా తెర మీద కనిపించేది. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీలో ఇదే తంతు గడియారం పక్కన ఆకుపచ్చ బాణం గుర్తుగా, సేఫ్లీ రిమూవ్ హార్డ్‌వేర్ అన్న పేరుతో కోట్లాదిమందికి పరిచయమైంది. పరికరాన్ని ఇప్పుడు ఆపలేమని చెప్పే ఆ వ్యవస్థ, ఏ ప్రోగ్రాము అడ్డుపడుతోందో చెప్పకపోవడం దాని పెద్ద లోపం. లినక్స్‌లో ఆ వివరాన్ని ఎల్ఎస్ఓఎఫ్ వంటి ఆదేశాలతో రాబట్టవచ్చు. విండోస్ తరువాతి రూపాల్లో ఈవెంట్ వ్యూయర్ చిట్టాలో ఆ ప్రోగ్రాము పేరు నమోదవుతుంది గానీ అక్కడిదాకా వెళ్లి చూసేవారు అరుదు. కారణం తెలియని నిరాకరణకు విసిగిన వాడుకరి చివరికి కేబుల్ లాగడం సహజ పరిణామం.

కేబుల్ ఎలాగూ లాగుతారన్న అంచనాతో నష్టాన్ని తగ్గించే ప్రయత్నం ఫైల్ సిస్టమ్‌ల వైపునుంచి జరిగింది. డిస్కు మీద ఫైళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో నమోదుచేసే ఏర్పాటును ఫైల్ సిస్టమ్ అంటారు. కొట్టులో ప్రతి లావాదేవీని ముందు చిట్టాలో రాసి తరువాత ఆవర్జాకు ఎక్కించినట్టే, జర్నలింగ్ అనే పద్ధతిలో ఫైల్ సిస్టమ్ తాను చేయబోయే మార్పును ముందుగా ఒక ప్రత్యేక స్థలంలో రాసుకుని ఆ తరువాత అసలు పట్టికలను సవరిస్తుంది. మధ్యలో ఆటంకం వస్తే చిట్టా చూసి లెక్క సరిచేసుకుంటుంది. 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన ఎన్‌టీఎఫ్ఎస్, 2001లో లినక్స్ కెర్నెల్‌లో చేరిన ఈఎక్స్‌టీ3, 2002లో ఈ సౌకర్యం పొందిన ఆపిల్ హెచ్ఎఫ్ఎస్ ప్లస్ ఈ కోవలోనివి. అయితే ఇవి సాధారణంగా పట్టికల పొంతనను కాపాడతాయే తప్ప ఫైలులోని విషయం మొత్తం డిస్కుకు చేరిందని హామీ ఇవ్వవు. పైగా అన్ని రకాల పరికరాల్లో పనిచేయాల్సిన పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డులు జర్నలింగ్ లేని పాత ఫైల్ సిస్టమ్ అయిన ఫ్యాట్‌లోనే మిగిలాయి. తెలుగు పట్టణాల ఫోటో స్టూడియోల్లో పెళ్లి వీడియోలను హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించి ఇవ్వడం మామూలయ్యాక, ఫ్యాట్32లో ఒక ఫైలు 4 గిగాబైట్లకు మించరాదన్న పరిమితి అడ్డొచ్చింది. ఆ పరిమితిని దాటించే ఎక్స్‌ఫ్యాట్‌లో కూడా జర్నలింగ్ లేదు. పెద్ద ఫైళ్లకు అత్యంత అనువైన అమరికే అర్ధాంతరంగా లాగిన కేబుల్‌కు ఎక్కువగా దెబ్బతినే అమరిక అయింది.

మెమరీ పరిమాణం పెరిగేకొద్దీ సమస్య మరొక రూపం దాల్చింది. లినక్స్‌లో రాతలు సాధారణంగా ముప్పై సెకన్ల వరకు మెమరీలో వేచి ఉండవచ్చు, గిగాబైట్ల కొద్దీ ఖాళీ మెమరీ ఉన్న యంత్రంలో పెద్ద వీడియో ఫైలు నకలు పూర్తయినట్టు తెర మీది పట్టీ క్షణాల్లో చూపించినా, నెమ్మదైన పెన్‌డ్రైవ్‌కు ఆ రాత చేరడానికి తరువాత నిమిషాలు పడుతుంది. ఎజెక్ట్ ఆదేశం అంతసేపు ఆగిపోవడానికి కారణమిదే. ప్రతి రాతనూ వెంటనే డిస్కుకు పంపమని నిర్దేశిస్తే వేగం దారుణంగా పడిపోతుంది, ఫ్యాట్ పట్టిక ఉన్న చోటే పదేపదే రాయడం వల్ల పరిమితమైన రాతల ఆయుర్దాయం గల ఫ్లాష్ కణాలు త్వరగా అరిగిపోతాయి. ఫోన్ల తయారీదారులు ఈ చిక్కునే తప్పించుకున్నారు. ఒక డిస్కును రెండు వ్యవస్థలు ఏకకాలంలో సవరించలేవు కనుక, తొలి ఆండ్రాయిడ్ ఫోన్లు కంప్యూటరుకు తగిలించినప్పుడు తమ మెమరీ కార్డును తామే అన్‌మౌంట్ చేసుకునేవి. 2011 నుంచి ప్రచారంలోకి వచ్చిన ఎంటీపీ పద్ధతిలో కార్డు ఫోను అధీనంలోనే ఉండి, కంప్యూటరు ఫైళ్లను అడిగి పుచ్చుకుంటుంది.

విండోస్‌లో ఈ చర్చ రెండు విధానాల ఎంపికగా చాలాకాలం సాగింది. త్వరిత తొలగింపు విధానంలో వ్యవస్థ ఆ పరికరానికి వెళ్లే రాతలను మెమరీలో నిలపదు; మెరుగైన పనితీరు విధానంలో నిలుపుతుంది, కనుక ఎజెక్ట్ తప్పనిసరి. ఎక్స్‌పీ కాలంలో పెన్‌డ్రైవ్‌ను ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఫార్మాట్ చేయాలంటే ముందు రెండవ విధానాన్ని ఎంచుకోవలసి వచ్చేదన్న వివరం, జర్నలింగ్‌కూ తొందర తొలగింపుకూ పొత్తు కుదరలేదని తెలుపుతుంది. 2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10, 1809 రూపంనుంచి బయటి నిల్వ పరికరాలకు త్వరిత తొలగింపే సహజ విధానమని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఇక ఎజెక్ట్ అక్కర్లేదన్న వార్తలు దీనిమీదనే వెలువడ్డాయి. వాస్తవానికి మారింది ఆపరేటింగ్ సిస్టమ్ మెమరీలోని ఆలస్యం ఒక్కటే. ఫైలు నకలు జరుగుతుండగా తీయరాదన్న నియమం ఆ విధానంలోనూ అలాగే ఉంది.

డిస్కు లోపలి క్యాష్, దాని యంత్రభాగం అనే మిగిలిన రెండు పొరలు ఆ ప్రకటన పరిధిలోకి రావు. డిస్కుకు తనదైన క్యాష్ ఉంటుంది. అందులోని రాతను పళ్లెం మీదికి పంపమనే ప్రత్యేక ఆదేశం అందేవరకు అక్కడ ఏముందో ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలియదు. తిరిగే పళ్లేలున్న డిస్కులో ఎజెక్ట్ తరువాత మోటారు ఆగే ఆదేశం అందితే హెడ్‌లు నెమ్మదిగా పక్కనున్న వాలుపట్టీ మీదికి చేరతాయి. కరెంటు హఠాత్తుగా తెగితే మోటారులో మిగిలిన శక్తితో అదే పట్టీ మీదికి విసురుగా వెళ్తాయి. అటువంటి అత్యవసర ఉపసంహరణలు ఎన్ని జరిగాయో డిస్కు తన ఆరోగ్య నివేదికలో విడిగా లెక్కపెట్టుకుంటుంది, తయారీదారులు మామూలు ఉపసంహరణల కంటే వీటికి చాలా తక్కువ సంఖ్యను పరిమితిగా పెడతారు. పళ్లేలే లేని ఎస్ఎస్‌డీలలో ఈ యాంత్రిక సమస్య పోయినా, ఏ సమాచారం ఏ కణంలో ఉందో చెప్పే పట్టికను అవి లోలోపల నిరంతరం మార్చుకుంటూ ఉంటాయి. కరెంటు పోయినా ఆ పని ముగించడానికి చాలినంత శక్తిని దాచుకునే కెపాసిటర్లు ప్రధానంగా సర్వర్లకు తయారయ్యే డిస్కుల్లోనే ఉంటాయి.

ఈ విధంగా ఆపరేటర్ చేతిలో మొదలైన పూచీ ముక్కలై, ప్రోగ్రాముకు కొంత, ఫైల్ సిస్టమ్‌కు కొంత, ఆపరేటింగ్ సిస్టమ్ మెమరీకి కొంత, డిస్కులోని చిన్న కంప్యూటరుకు కొంత చేరింది. వీటిలో ప్రతి పొరా దశాబ్దాలుగా తన వంతు జాగ్రత్తను మెరుగుపరచుకుంటూ వచ్చింది గానీ, కింది పొరలో ఏం జరుగుతోందో పై పొరకు పూర్తిగా తెలిసే ఏర్పాటు మాత్రం రాలేదు. తెరిచిన ఫైళ్లను మూయించి, మెమరీలోని రాతలను పంపించి, డిస్కు క్యాష్‌ను ఖాళీ చేయించి, చివరగా మోటారును ఆపించే క్రమాన్ని ఈ పొరలన్నిటి గుండా ఒకే వరుసలో నడిపించే ఆదేశం ఎజెక్ట్ ఒక్కటే. ఒక్కొక్క కారణం బలహీనపడుతూ వచ్చినా ఈ ఆచారం ఇప్పటికీ నిలవడానికి ఆధారం అదే.